ఇంటి నెట్‌వర్క్ సొంతంగా – 4వ పాఠం: లాప్‌టాప్‌లో వైఫై ఊరికే కట్ అవుతుంటే

ముందు పోయిన పాఠం చివర అడిగిన ప్రశ్న సంగతి. ఫోన్‌లో మన ఇంటి వైఫై పేర్లు రెండు కనిపిస్తాయి, పాత లాప్‌టాప్‌లో మాత్రం ఒకటే కనిపిస్తుంది, ఎందుకని అడిగాను. రౌటర్ 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు రేడియో వరసల్లో మాట్లాడుతుంది, ఒక్కో పేరు ఒక్కో వరసది. ఆ లాప్‌టాప్‌లో ఉన్న వైఫై కార్డు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టే రకం కావచ్చు. విండోస్‌లో ఆదేశాలు కొట్టే నల్ల కిటికీ, అంటే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లీషు అక్షరాల్లో నెట్‌ష్ (ఎన్, ఈ, టీ, ఎస్, హెచ్) డబ్ల్యూఎల్‌ఏఎన్ షో డ్రైవర్స్ అని కొట్టండి. ఏ రకం రేడియోలు పట్టగలదో ఒక వరసలో చెబుతుంది. 802.11 పక్కన బీ, జీ, ఎన్ అక్షరాలే ఉండి ఏ, ఏసీ లాంటివి లేకపోతే ఆ కార్డుకు 5 గిగాహెర్ట్జ్ అందదు. ఇంకో కారణం కూడా ఉంది. కార్డు మంచిదే అయినా రౌటర్ ఎంచుకున్న ఛానెల్, అంటే ఆ వరసలో ఒక చిన్న ముక్క, కార్డు జాబితాలో లేకపోతే ఆ పేరు కనిపించదు. మన దేశంలో 5 గిగాహెర్ట్జ్‌లో చాలా భాగాన్ని లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని కేంద్రం చెప్పింది 2018లో. అంతకు ముందు తయారైన సామాను కొన్నింటికి మధ్య ఛానెళ్ళు తెలియవు. ఛానెళ్ళ గురించి ఈ పాఠంలోనే మళ్ళీ మాట్లాడుకుంటాం.

ఇప్పుడు అసలు పాఠం. మీటింగ్ మధ్యలో వైఫై గుర్తు మాయమవుతుంది, అర నిమిషంలో మళ్ళీ వస్తుంది. లేదా గుర్తు నిండుగానే ఉంటుంది కానీ పేజీ కదలదు. ఇలాంటప్పుడు అందరూ చేసే పని రౌటర్ స్విచ్ కట్టేసి వెయ్యడం. దానితో నెట్ వచ్చేస్తుంది, మళ్ళీ పోతుంది కూడా. ఎందుకు పోయిందో చెప్పే ఆనవాళ్ళు మాత్రం రీస్టార్ట్‌తో చెరిగిపోతాయి. అందుకే ఈ పాఠంలో మొదటి నియమం, ఏదీ మార్చకముందు చూడాలి, చూసింది టైముతో సహా రాసుకోవాలి. ఒక పాత డైరీ, పెన్ను చాలు.

ఎక్కడ తెగుతోంది?

లాప్‌టాప్ నుంచి రౌటర్ దాకా గాలిలో దారి. రౌటర్ నుంచి ఫైబర్ బాక్స్ దాకా వైరు. ఈ మధ్య చాలా ఇళ్ళలో ఈ రెండూ ఒకే డబ్బాలో వస్తున్నాయి. అక్కడి నుంచి బాల్కనీ గోడ, వీధి స్తంభాల మీదుగా కంపెనీ దాకా ఫైబర్. ఏది తెగినా ఇంట్లో వాళ్ళు "వైఫై పోయింది" అనే అంటారు. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో కరెంటు స్తంభాలకు వేలాడే కేబుళ్ళను తొలగించినప్పుడు చాలా చోట్ల ఇళ్ళలో నెట్ ఆగిపోయింది. ఆ రోజుల్లో రౌటర్‌ను ఎన్నిసార్లు రీసెట్ కొట్టినా ప్రయోజనం ఉండదు కదా! తెగింది వీధిలో.

దీన్ని తేల్చడానికి రెండు నల్ల కిటికీలు కావాలి. మొదటి కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కొట్టి, వైఫై విభాగంలో డిఫాల్ట్ గేట్‌వే ఎదురుగా ఉన్న అంకెలు చూసుకోండి. ఎక్కువ ఇళ్ళలో 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది. అదే రౌటర్ చిరునామా. ఇప్పుడు పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి ఆ అంకెలు, మళ్ళీ ఖాళీ వదిలి హైఫన్, టీ అక్షరం కొట్టండి. మీరు కంట్రోల్, సీ కలిపి నొక్కేదాకా అది రౌటర్‌ను సెకనుకోసారి పలకరిస్తూనే ఉంటుంది. రెండో కిటికీలో ఇదే పని 8.8.8.8 కి చెయ్యండి. అది గూగుల్ వారి పబ్లిక్ సర్వర్, బయటి ప్రపంచానికి గుర్తుగా పెట్టుకుందాం. రెండు కిటికీలనూ పక్కపక్కన పెట్టి మీ పని మీరు చేసుకోండి. నెట్ ఆగినప్పుడు వెంటనే వాటి వైపు చూడండి.

మొదటి కిటికీలో జవాబులు మామూలుగా 2, 3 మిల్లీసెకన్లలో వస్తూ, రెండో దానిలో రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అని వరసగా పడుతుంటే మీ వైఫై బాగానే ఉంది. గోల రౌటర్‌కు అవతల. ఫైబర్ బాక్స్ మీద లాస్ (ఎల్, ఓ, ఎస్) అని రాసిన దీపం ఎర్రగా వెలుగుతోందేమో చూడండి. వెలుగుతుంటే ఫైబర్‌లో వెలుతురు రావడం లేదని అర్థం. ఇంక ఫోన్ చెయ్యడమే. "రౌటర్ దాకా పింగ్ వస్తోంది, బయటికి పోవడం లేదు, లాస్ దీపం ఎర్రగా ఉంది" అని చెబితే కస్టమర్ కేర్ వాళ్ళు "ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి సార్" అనే తంతును కాస్త తొందరగా దాటిస్తారు.

రెండు కిటికీలూ ఒకేసారి టైమ్డ్ అవుట్ అంటుంటే తెగింది గాలిలో దారే. ఈ పాఠం అంతా దాని గురించే. అందులో మళ్ళీ ఒక తేడా గమనించాలి. వైఫై గుర్తు అలాగే ఉండి టైమ్డ్ అవుట్ వస్తే, లాప్‌టాప్ ఇంకా రౌటర్‌కు కట్టుబడే ఉంది, కానీ మాట చేరడం లేదు. సిగ్నల్ బలహీనమో, చుట్టూ రొదో కారణం. అలా కాక జనరల్ ఫెయిల్యూర్ అని పడితే లాప్‌టాప్ పూర్తిగా విడిపోయింది, పంపడానికి దారే లేదు. అప్పుడు లాప్‌టాప్ లాగ్, అంటే అది రాసుకునే చిట్టా చూడాలి.

రెండు కిటికీల్లోనూ జవాబులు వస్తూనే ఉండి, మొదటి దానిలో 3 ఉండాల్సింది 400, 900 అని ఎగిరి పడుతుంటే? కట్ కాలేదు, కానీ వీడియో కాల్‌లో మొహాలు బిగుసుకుపోతాయి. దీన్ని కూడా కట్ కిందే లెక్కెయ్యండి, కారణాలు చాలావరకు ఒకటే. రెండు చోట్లా అంకెలు చక్కగా ఉండి సైట్లు మాత్రం తెరుచుకోకపోతే అది సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే డీఎన్‌ఎస్ తగాదా, మూడో పాఠంలో చూశాం. ఐపీకాన్ఫిగ్‌లో చిరునామా 169.254 తో మొదలైతే వైఫై కలిసింది కానీ రౌటర్ చిరునామా ఇవ్వలేదని అర్థం, అదీ మూడో పాఠమే.

లాప్‌టాప్ లాగ్ చదవడం

విండోస్ వైఫైకి ఒక లాగ్ రాసుకుంటుందని చాలామందికి తెలియదు. స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్ మీద కుడి క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. నెట్‌ష్ డబ్ల్యూఎల్‌ఏఎన్ షో డబ్ల్యూఎల్‌ఏఎన్‌రిపోర్ట్ అని కొట్టండి. చివరి రెండు ముక్కలూ కలిపి ఒకే పదంగా రాయాలి, మధ్యలో ఖాళీ వద్దు. ఒక ఫైలు తయారై, అది ఎక్కడుందో దారి చూపిస్తుంది. దాన్ని బ్రౌజర్‌లో తెరిస్తే గత మూడు రోజుల్లో లాప్‌టాప్ ఎప్పుడు కలిసింది, ఎప్పుడు విడిపోయింది అన్నీ గ్రాఫ్‌లో గీసి ఉంటాయి. ఎర్ర గుండ్రాల మీద నొక్కితే ఆ క్షణాన ఏం జరిగిందో తెలుస్తుంది.

ఆ ఫైలు చూడగానే టెన్షన్ పడొద్దు. వరసలు వందల్లో ఉంటాయి, వాటిలో మనకు పనికొచ్చేవి కొన్నే. ఈవెంట్ నంబరు 8001 అంటే కలిసింది. 8003 అంటే విడిపోయింది. 8002 అంటే కలవబోయి కుదరలేదు. 8003 కింద కారణం రాసి ఉంటుంది. వాడుకరి విడదీశాడని ఉంటే మీరో, ఇంట్లో పిల్లలో ఎయిర్‌ప్లేన్ మోడ్ నొక్కి ఉంటారు, లేదా ఇంకో నెట్‌వర్క్‌కు మారి ఉంటారు. డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) విడదీసిందని ఉంటే రెండు అర్థాలున్నాయి. కార్డు తనంతట తాను వదిలేసి ఉండవచ్చు, రౌటర్ పొమ్మంటే వదిలేసి ఉండవచ్చు. ఈ ఒక్క మాటతో తీర్పు చెప్పలేం. ఇక్కడే డైరీ పనికొస్తుంది. అదే నిమిషంలో ఇంట్లో ఫోన్లు, టీవీ కూడా విడిపోయాయా? అన్నీ పోతే రౌటర్ పని. లాప్‌టాప్ ఒక్కటే పోతే లాప్‌టాప్ పని, లేదా అది ఉన్న చోటు పని.

ఈ సలహాను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, నా లెక్కలో మాత్రం మొత్తం పాఠంలో దీనికే ఎక్కువ మార్కులు. ఫోన్ తీసి, మొబైల్ డేటా ఆపేసి, ఏదో ఒక పేజీ తెరిచి చూడటానికి పది సెకన్లు పడుతుంది. ఆ పది సెకన్లలో సగం కారణాలు జాబితా నుంచి ఎగిరిపోతాయి.

తర్వాత చూడాల్సింది టైము. 8003 పడిన టైములన్నీ కిందకు కిందకు రాసుకోండి. 9:14, 10:14, 11:14 అని సరిగ్గా గంటకోసారి పడుతుంటే సిగ్నల్ మీద అనుమానం పెట్టుకోవద్దు. గాలి, గోడలు గడియారం చూసి పని చెయ్యవు. వైఫైలో అందరికీ ఉమ్మడిగా ఉండే తాళం ఒకటి ఉంటుంది. దాన్ని రౌటర్ అప్పుడప్పుడూ మారుస్తుంది. చాలా రౌటర్లలో ఆ గడువు 3600 సెకన్లు. కొత్త తాళం అందుకోవడంలో లాప్‌టాప్ తడబడితే రౌటర్ దాన్ని బయటికి తోసేస్తుంది. వైఫై డ్రైవర్, రౌటర్ ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) కొత్తవి వేస్తే సాధారణంగా పోతుంది. అప్పటికీ పోకపోతే బ్రౌజర్‌లో రౌటర్ చిరునామా కొడితే తెరుచుకునే రౌటర్ పేజీలో వైర్‌లెస్ సెక్యూరిటీ కింద గ్రూప్ కీ గడువు పెంచే వీలుందేమో చూడండి. అక్కడే భద్రత రకం కూడా చూడండి. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిపిన మోడ్‌లో కొన్ని పాత కార్డులు నిలకడగా ఉండవు. కాసేపు డబ్ల్యూపీఏ2 ఒక్కటే పెట్టి పరీక్షించవచ్చు. సెక్యూరిటీయే తీసేసి ఓపెన్‌గా పెట్టడం మాత్రం పరీక్ష కోసమైనా వద్దు.

కరెంటు సంగతి

ఇంట్లో అన్నీ ఒకేసారి పోయి, నిమిషం రెండు నిమిషాల్లో ఒకేసారి తిరిగి వస్తున్నాయనుకోండి. మొదట రౌటర్ పేజీలో స్టేటస్ దగ్గర అప్‌టైమ్ చూడండి. రౌటర్ ఎంతసేపటి నుంచి ఆగకుండా నడుస్తోందో అది చెబుతుంది. పది నిమిషాలని ఉంటే రౌటర్ ఆరి మళ్ళీ వెలిగింది. వేసవి చివర్లో గాలివానలు మొదలయ్యాక మన ఊళ్ళో కరెంటు ఇలా పోయి అలా వస్తుంటుంది. ఫ్యాను ఆగినట్టు కూడా తెలియదు, ఇన్వర్టర్ అందుకుంటుంది. ఆ అందుకునే లోపు రౌటర్ ఆరిపోతుంది. చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్, నార్మల్ అని చిన్న స్విచ్ ఉంటుంది. యూపీఎస్ వైపు పెడితే మార్పిడి త్వరగా అవుతుంది. రౌటర్ పెట్టిన ప్లగ్‌కు అసలు ఇన్వర్టర్ లైను ఉందో లేదో కూడా ఎలక్ట్రీషియన్‌ను అడగండి. టీవీ దగ్గర ప్లగ్‌లకు చాలా ఇళ్ళలో ఉండదు. రౌటర్ల కోసం అమ్మే చిన్న యూపీఎస్ డబ్బా కొంటే ఈ గోల మొత్తం తీరిపోతుంది. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద రాసిన వోల్టులు, యాంపియర్లు చూసుకోండి. 12 వోల్టులున్నది ఎక్కువ, కానీ 9 వోల్టుల రౌటర్లూ ఉన్నాయి.

కరెంటు పోకుండానే అప్‌టైమ్ పదేపదే సున్నా నుంచి మొదలవుతుంటే అడాప్టర్ ముసలిదయిందేమో. పిన్ను వదులుగా ఉందేమో కదిపి చూడండి. అదే రేటింగ్ ఉన్న వేరే అడాప్టర్ పెట్టి చూస్తే తేలుతుంది.

గోడలు, అద్దాలు, బీరువాలు

సిగ్నల్‌ను కొలిచేది డీబీఎం లెక్కలో. అంకె మైనస్‌లో ఉంటుంది, సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. మైనస్ 50 అంటే బ్రహ్మాండం. మైనస్ 67 దాకా వీడియో కాల్స్ హాయిగా సాగుతాయి. మైనస్ 75 దాటితే ఇబ్బంది మొదలవుతుంది, 80 దాటాక ఎప్పుడు తెగుతుందో చెప్పలేం. ప్రతి 10 డీబీ తేడాకూ బలం పదోవంతు అవుతుంది కాబట్టి 60కీ 80కీ మధ్య తేడా వంద రెట్లు. మ్యాక్‌లో ఆప్షన్ మీట నొక్కి పట్టుకుని వైఫై గుర్తు మీద నొక్కితే ఈ అంకె నేరుగా కనిపిస్తుంది. విండోస్‌లో నెట్‌ష్ డబ్ల్యూఎల్‌ఏఎన్ షో ఇంటర్‌ఫేసెస్ కొడితే సిగ్నల్ శాతంలో చూపిస్తుంది. ఆ శాతాన్ని సగం చేసి, అందులోంచి 100 తీసేస్తే డీబీఎం వస్తుంది. 60 శాతం అంటే 30, అందులోంచి 100 పోతే మైనస్ 70. కొత్త విండోస్ 11 లో ఈ కమాండ్ పని చెయ్యాలంటే సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆన్‌లో ఉండాలి. లేకపోతే అనుమతి లేదంటుంది, కంగారు పడకండి.

లాప్‌టాప్ పట్టుకుని ఇల్లంతా తిరగండి. రౌటర్ పక్కన, హాల్లో సోఫా దగ్గర, మీరు పని చేసే కుర్చీలో, పడకగదిలో తలుపు తీసి, తలుపు వేసి. ప్రతిచోటా అంకె రాసుకోండి. ఇటుక గోడ కంటే కాంక్రీటు గోడ సిగ్నల్‌ను ఎక్కువ మింగుతుంది. నల్లగండ్ల, కోకాపేట వైపు కొత్తగా లేచిన టవర్లలో చాలావరకు మివాన్ పద్ధతిలో కట్టినవే. అంటే గదుల మధ్య గోడలు కూడా ఇనుము పెట్టి పోసిన కాంక్రీటే. పాత అమీర్‌పేట ఇంట్లో రెండు గదుల అవతలికి అందిన రౌటర్ ఇక్కడ పక్క గదికే నీరసపడిపోతుంది. దానికి తోడు పడకగది వార్డ్‌రోబ్ నిలువుటద్దం. అద్దం వెనక లోహపు పూత ఉంటుంది, సిగ్నల్‌ను తిప్పి కొడుతుంది. స్టీలు బీరువా, ఫ్రిజ్, నీళ్ళ డ్రమ్ము కూడా అంతే.

అన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది ఒకటుంది. కొత్త ఫ్లాట్లలో మెయిన్ డోర్ పక్కన గోడలో రేకు పెట్టె కడతారు. ఫైబర్ అక్కడికే వస్తుంది కాబట్టి కనెక్షన్ ఇచ్చే అబ్బాయి రౌటర్ కూడా అందులోనే పెట్టి, మూత వేసి వెళ్ళిపోతాడు. చూడ్డానికి నీట్‌గా ఉంటుంది. వైఫై డబ్బాను రేకు డబ్బాలో పెట్టి మూత వేస్తే సిగ్నల్ ఎక్కడికి వెళ్తుంది? పైగా లోపల గాలి ఆడదు, ఏప్రిల్, మే నెలల్లో రౌటర్ చేత్తో ముట్టుకోలేనంతగా కాలిపోతుంది. మూత తీసి ఒకసారి అంకె చూడండి, మూసి ఒకసారి చూడండి. తేడా కనిపిస్తే ఒక లాన్ కేబుల్ కొని రౌటర్‌ను హాలు మధ్యకు, తల ఎత్తుకు తీసుకురండి.

ఛానెళ్ళు

2.4 గిగాహెర్ట్జ్‌లో మనకు 1 నుంచి 13 దాకా ఛానెళ్ళున్నాయి. పదమూడు ఉన్నాయి కదా అని సంబరపడొద్దు. ఒక్కో ఛానెల్ మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, వైఫైకి కావాల్సిన వెడల్పు 20. అందుకని ఒకదాని మీద ఒకటి పడకుండా సాధారణంగా వాడుకునేవి 1, 6, 11 మూడే. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులోనో నిజాంపేటలోనో ఒక ఫ్లాట్‌లో నిలబడి ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ తెరిస్తే పక్కింటివి, పైఅంతస్తువి, ఎదురు బిల్డింగ్‌వి కొండల వరసలా కనిపిస్తాయి. 1లోనూ 6లోనూ రద్దీ ఉంది కాబట్టి మధ్యలో 3 తీసుకుంటే తెలివైన పని అనిపిస్తుంది. అది తప్పు లెక్క. ఒకే ఛానెల్‌లో ఉన్న రౌటర్లు ఒకరి మాట ఒకరికి అర్థమవుతుంది కాబట్టి వంతులు వేసుకుంటాయి. సగం మీద పడిన ఛానెల్ సంగతి అలా కాదు, అది పక్క ఫంక్షన్ హాల్లో డీజే లాంటిది. మాట ఏమిటో తెలియదు, మన మాట మాత్రం వినపడనివ్వదు. కాబట్టి 1, 6, 11లో తక్కువ రద్దీ ఉన్నదే తీసుకోండి. వెడల్పు 40 అని ఉంటే 20కి తగ్గించండి. స్పీడు కాగితం మీద తగ్గుతుంది, కనెక్షన్ నిలబడుతుంది.

ఇదే 2.4లో బ్లూటూత్ కూడా నడుస్తుంది, మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.45 దగ్గర పని చేస్తుంది. మధ్యాహ్నం కూర వేడి చేసుకునే టైముకే మీటింగ్ కట్ అవుతుంటే అనుమానించాల్సింది ఆఫీసు వాళ్ళను కాదు, వంటింటిని. లాప్‌టాప్‌లో వైఫై, బ్లూటూత్ ఒకే కార్డు మీద ఉంటాయి కాబట్టి బ్లూటూత్ హెడ్‌సెట్ పెట్టుకుని 2.4లో కాల్ మాట్లాడటం కార్డుకు రెండు పడవల ప్రయాణం. వీలైనంతవరకు లాప్‌టాప్‌ను 5లోకి మార్చండి.

5లో జాగా ఎక్కువ, దూరం తక్కువ. ఛానెల్ అంకెలు 36 నుంచి 48, 52 నుంచి 144, ఆపైన 149 నుంచి 165. మధ్య వరస రాడార్లతో పంచుకోవాల్సింది. రౌటర్ అందులోకి వెళ్ళే ముందు కనీసం 60 సెకన్లు నోరు మూసుకుని వినాలి. తర్వాత ఎప్పుడైనా రాడార్ అలికిడి అనిపిస్తే వెంటనే ఖాళీ చేసి, అరగంట దాకా ఆ ఛానెల్ జోలికి పోకూడదు. నిజంగా రాడార్ ఉండక్కర్లేదు, రౌటర్ పొరబడినా ఇదే జరుగుతుంది. ఛానెల్ ఆటోలో పెట్టిన రౌటర్ ఈ మధ్య వరసలోకి వెళ్ళిందంటే 5లో ఉన్నవన్నీ ఒక్కసారి ఊడిపోవచ్చు. రౌటర్ అప్‌టైమ్ మాత్రం రోజుల్లో ఉంటుంది. కరెంటు దెబ్బకూ దీనికీ తేడా పట్టుకోవడానికి ఇంతకంటే సులువైన గుర్తు లేదు. బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్ అన్ని దిక్కులా విమానాలు తిరిగే ఊరు మనది. ఎక్కడి రాడారో ఆరా తీయడం దేనికి? ఛానెల్‌ను ఆటో నుంచి తీసి 36కో 149కో కట్టేసి రెండు రోజులు చూడండి.

లాప్‌టాప్ ఒక్కటే విడిపోతుంటే

చార్జర్ పెట్టినప్పుడు బాగుండి బ్యాటరీ మీద తెగుతుంటే పవర్ సేవింగ్ పని. డివైస్ మేనేజర్ తెరిచి, నెట్‌వర్క్ అడాప్టర్లలో వైఫై కార్డు మీద రెండుసార్లు నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపెయ్యవచ్చు అన్న టిక్కు తీసెయ్యండి. కొన్ని కొత్త లాప్‌టాప్‌లలో ఆ ట్యాబ్ ఉండదు, వెతికి అలసిపోవద్దు. డ్రైవర్‌ను లాప్‌టాప్ కంపెనీ సైటు నుంచే తెచ్చుకోండి. డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో అప్‌డేట్ చేస్తామనే ఉచిత సాఫ్ట్‌వేర్ల జోలికి పోకండి. విండోస్ అప్‌డేట్ పడిన మర్నాటి నుంచే తగువు మొదలైతే, పాత డ్రైవర్‌కు వెనక్కి పోవడానికి డివైస్ మేనేజర్‌లో ఆ కార్డు కిటికీలోనే డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ బటన్ ఉంటుంది.

ఇంకోటి చూపిస్తాను, ఇది పుస్తకాల్లో తక్కువగా కనిపిస్తుంది. నిజాంపేటలో మా పిన్ని వాళ్ళ ఇల్లు. బాబాయి లాప్‌టాప్ 2.4లో ఉంటుంది, రౌటర్ పక్క గదిలో, సిగ్నల్ 76 శాతం. అంటే మైనస్ 62, వంక పెట్టడానికి లేదు. అయినా కొన్ని సాయంత్రాలు పింగ్ తెగిపోయేది. ఎప్పుడని అడిగితే "ఫొటోలు బ్యాకప్ పెట్టినప్పుడల్లా రా" అన్నారు. బ్యాకప్ హార్డ్‌డిస్క్ యూఎస్‌బీ 3 ది, జానెడు వైరుతో లాప్‌టాప్ పక్కనే పడుకుని ఉంది. పింగ్ కిటికీ తెరిచి కాపీ మొదలుపెట్టాం. 3, 4 ఉన్న అంకెలు 200కి, తర్వాత టైమ్డ్ అవుట్‌కి పోయాయి. అదే క్షణంలో వైర్‌లెస్ మౌస్ కూడా నత్తి నత్తిగా కదిలింది. ఆ మౌసే గుట్టు విప్పింది, ఎందుకంటే దాని డాంగిల్ కూడా 2.4లోనే మాట్లాడుతుంది. కాపీ ఆపగానే రెండూ బాగుపడ్డాయి. యూఎస్‌బీ 3 లో డేటా పరిగెత్తేటప్పుడు వైరు నుంచి, కనెక్టర్ నుంచి పుట్టే రేడియో రొద 2.4 మీద పడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. డిస్క్‌ను అవతలి వైపు పోర్టులో పెట్టి, కాస్త పొడుగు, మంచి కవచం ఉన్న వైరు వేసి దూరం జరిపితే తగ్గింది. 5లోకి మారిస్తే అసలు కనిపించలేదు. మీ టేబుల్ మీద యూఎస్‌బీ హబ్ ఉంటే దాన్నీ ఒకసారి అనుమానించండి.

డూప్లెక్స్ ఇళ్ళ వాళ్ళకు ఒక ముక్క. కింద ఒకటి, పైన ఒకటి యాక్సెస్ పాయింట్లు (వైఫై ఇచ్చే డబ్బాలు) ఒకే పేరుతో పెట్టుకుంటే, ఎప్పుడు మారాలో నిర్ణయించేది లాప్‌టాప్. కొన్ని లాప్‌టాప్‌లు పైకి వచ్చినా కింద రౌటర్‌నే పట్టుకుని వేలాడతాయి. షో ఇంటర్‌ఫేసెస్‌లో బీఎస్‌ఎస్‌ఐడీ అని ఉండే చిరునామా మేడ ఎక్కినా మారకపోతే అదే జరుగుతోంది. డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో రోమింగ్ అగ్రెసివ్‌నెస్ (ఎంత త్వరగా ఇంకో డబ్బాకు మారాలో చెప్పేది) ఉంటే ఒక మెట్టు పెంచండి. ఒక్కచోటే కూర్చుని పని చేసేవాళ్ళు మాత్రం పెంచకూడదు. అక్కర్లేకపోయినా అటూ ఇటూ దూకి అదే కొత్త తలనొప్పి అవుతుంది. దీని పూర్తి సంగతి ఆరో పాఠంలో.

ఏం మార్చినా ఒక్కసారికి ఒక్కటే మార్చి, డైరీలో టైము వేసి, ఇదివరకు ఎంత తరచుగా తెగేదో దాన్నిబట్టి కనీసం అంతకు రెండింతల సేపు ఆగి చూడండి. ఛానెల్, డ్రైవర్, భద్రత రకం మూడూ ఒకేసారి మార్చేస్తే, బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, రేపు మళ్ళీ పాడైతే మొదటికే వస్తారు.

ఈ పాఠానికి పని

మీ ఇంట్లో అయిదు చోట్ల సిగ్నల్ కొలిచి, తలుపులు తీసి ఒకసారి, వేసి ఒకసారి రాయండి. మూడు రోజుల రిపోర్ట్ తీసి 8003 టైములు వేరుగా రాసుకోండి. తర్వాత ఈ కింది లాగ్ చదివి కారణం ఏమై ఉంటుందో, తేల్చుకోవడానికి ఇంకా ఏం చూడాలో రాయండి.

మణికొండలో ఒక ఫ్లాట్. రాత్రి 8:20కి లాప్‌టాప్, టీవీ రెండూ వైఫై నుంచి విడిపోయాయి, రెండూ 5లో ఉన్నవే. అదే టైముకు 2.4లో ఉన్న పాత ఫోన్‌లో పాట ఆగలేదు. 8:22కి రెండూ తిరిగి కలిశాయి. ముందు షో ఇంటర్‌ఫేసెస్‌లో ఛానెల్ 100 అని ఉంది, తర్వాత 44 అని ఉంది. 9:05కి మళ్ళీ లాప్‌టాప్ ఒక్కటే విడిపోయింది, రిపోర్ట్‌లో డ్రైవర్ విడదీసిందని ఉంది. అప్పటికి చార్జర్ తీసేసి ఇరవై నిమిషాలయింది.

రెండు సార్లకూ కారణం ఒకటేనా? జవాబు అయిదో పాఠం మొదట్లో.